కృష్ణ పడమటి గట్టు – ఎనిమిదో భాగం: నీటి శాసనం, మనిషి శాసనం

మోటుపల్లి ఇవాళ బాపట్ల జిల్లాలో, చీరాలకు దక్షిణాన, ఇసుక తిన్నెల చాటున ఉన్న ఒక చిన్న తీరగ్రామం. అక్కడి వీరభద్రాలయంలో కాకతీయ గణపతిదేవుడు వేయించిన శాసనం ఉంది. శక సంవత్సరం 1166 నాటిది, అంటే క్రీ.శ. 1244–45. అభయశాసనమని దానికి పేరు. తుపానులో చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడ ఎవరి తీరంలో పడితే ఆ రాజే దానిలోని సరుకంతా పట్టుకుపోవడం అంతకు ముందున్న ఆచారం. బంగారం గానీ, ఏనుగులు గానీ, గుర్రాలు గానీ, రత్నాలు గానీ, అన్నీ రాజువే. ఇకమీదట అలా జరగదనీ, నియమించిన సుంకం తప్ప మరేదీ ముట్టబోమనీ గణపతిదేవుడు సముద్ర వర్తకులకు రాతి మీద మాట ఇచ్చాడు. ఎగుమతి దిగుమతుల మీద ఆ సుంకం ముప్పయ్యో వంతు.

గాలివానను ఆపుతానని ఆయన అనలేదు. ఏ రాజూ అనలేడు. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతం నీళ్లు వెచ్చగా ఉంటాయి. వాయుగుండాలు పుడతాయి, పడమటికి కదులుతాయి, ఏదో ఒక ఏడు మన ఒడ్డున పడతాయి. గణపతిదేవుడు మార్చింది ఆ నష్టం ఎవరి నెత్తిన పడాలన్న లెక్కను. అప్పటిదాకా సముద్రం సగం ముంచిన వర్తకుణ్ణి రాజు పూర్తిగా ముంచేవాడు. అర్ధశతాబ్దం తర్వాత మార్కో పోలో రాతల్లో ఈ రేవు ‘ముత్ఫిలి’గా కనిపిస్తుంది. 1358లో కొండవీటి అనపోతారెడ్డి మళ్లీ ఇదే ఊళ్లో వర్తకుల కోసం శాసనం వేయించాడు. నూరేళ్లకు పైగా ఆ మాట చెల్లుబాటయిందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

గత భాగాల్లో భట్టిప్రోలు స్తూపం కథ, చందవోలు రాజుల కథ చెప్పుకున్నాం. ఈసారి రాజుల్ని కాసేపు పక్కన పెట్టి తెనాలి, రేపల్లె, బాపట్లల మధ్యనున్న నేలను, నీటిని చూద్దాం. ప్రకృతి నియమాలను ఎవరూ రద్దు చేయలేరు. అవి మోపే భారాన్నీ, ఇచ్చే లాభాన్నీ ఎవరికి ఎంత పంచాలన్నది మాత్రం ప్రతి కాలంలోనూ మనుషులే తేల్చారు. పడమటి డెల్టా రెండు వందల ఏళ్ల చరిత్రకు ఇదే ఇరుసని నా నమ్మకం.

నది కట్టుకున్న మెరక

తెనాలి సముద్ర మట్టానికి సుమారు 11 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి దక్షిణంగా నిజాంపట్నం తీరం నలభై కిలోమీటర్ల లోపే. అంటే కిలోమీటరుకు ముప్పై సెంటీమీటర్లకు మించని వాలు. పొలం గట్టు మీద నిలబడి చూస్తే నేలంతా బల్లపరుపుగానే ఉంటుంది. ఆ వాలు కంటికి ఆనదు, నీటికి మాత్రం బాగా తెలుసు.

విజయవాడ దగ్గర ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్యనున్న ఇరుకులోంచి బయటపడ్డాక కృష్ణకు అడ్డు లేదు. వాలు తగ్గుతుంది, నడక మందగిస్తుంది, మోసుకొచ్చిన మట్టిని దించడం మొదలుపెడుతుంది. ముందు దిగేది ముతక ఇసుక, తర్వాత ఒండ్రు, అన్నిటికన్నా చివర బంకమన్ను. ఈ దిగుడుకు ఒక లెక్క ఉందని 1851లో కేంబ్రిడ్జి గణితాచార్యుడు జార్జ్ గేబ్రియల్ స్టోక్స్ చూపించాడు. నిలకడ నీటిలో సన్నని రేణువు దిగే వేగం దాని వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది. రేణువు పది రెట్లు చిన్నదైతే దిగడానికి నూరు రెట్ల సమయం పడుతుంది. ఇసుక గట్టు దగ్గరే ఎందుకు ఆగిపోతుందో, బంకమన్ను అంతంత దూరం ఎందుకు పోతుందో ఆ ఒక్క సూత్రం చెబుతుంది.

వరద గట్టు దాటినప్పుడల్లా గట్టు పక్కన ఇసుక కలిసిన మట్టి, దూరాన నల్లటి బంకమన్ను పడతాయి. వేల ఏళ్లు ఇలా జరిగేసరికి నది తన ఒడ్డున తానే మెరక వేసుకుంది. డెల్టాలో నది పల్లంలో పారుతుందని అనుకుంటాం గానీ, అది పారేది చుట్టుపక్కల నేల కన్నా ఎత్తున్న మెరక వెంట. కొల్లిపర, కొల్లూరు లంకల్లో అరటి, పసుపు, కంద తోటలు ఎందుకున్నాయో, పడమటికి లోపలికి వెళ్లేకొద్దీ వరి తప్ప మరో పైరు ఎందుకు కనపడదో ఈ మట్టి దిగిన వరసను బట్టే తెలుస్తుంది. దుగ్గిరాల పసుపు మార్కెట్టుకు పునాది వేసింది నది జల్లెడ పట్టినట్టు వేరు చేసి ఇచ్చిన ఆ గట్టు మట్టే.

సముద్రం వైపు పనిచేసింది అలలు. ఆరేడు వేల ఏళ్ల కిందట సముద్ర మట్టం దాదాపు ఇప్పటి స్థాయికి వచ్చి కుదురుకుంది. అప్పటి నుంచి నది మట్టి పోయడం, అలలు దాన్ని తిన్నెలుగా పేర్చడం, తీరం ముందుకు జరగడం. బాపట్ల చుట్టుపక్కల సముద్రానికి సమాంతరంగా సాగే పాత ఇసుక దిబ్బలు ఒక్కొక్కటీ ఒకప్పటి ఒడ్డు.

ఆనకట్ట ఇచ్చినదీ, అడిగినదీ

మెరక వెంట పారే నదిలో నీటి మట్టాన్ని కాస్త ఎత్తితే చాలు, మిగిలిన పని వాలే చేసిపెడుతుంది. ఆ కాస్త ఎత్తడానికి ముందు ఈ జిల్లా చాలా పెద్ద మూల్యం చెల్లించింది.

1832–33, నందన నామ సంవత్సరం. డొక్కల కరువని పెద్దలు చెప్పుకున్న కాలం. అయిదు లక్షల జనాభా ఉన్న గుంటూరు జిల్లాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది ఆకలికి పోయారని అంచనా. ప్రతి మూడో మనిషీ అనుకోవచ్చు. కృష్ణకు వరద తెచ్చేది ముఖ్యంగా పడమటి కనుమల వానలు. గుంటూరులో చినుకు పడకపోయినా నదిలో నీరుండే ఏళ్లున్నాయి. ఆ నీరు కళ్లముందే సముద్రంలోకి పోతుంటే పొలానికి ఎక్కించే దారి లేదు, వేరే సీమ నుంచి ధాన్యం తెచ్చే బాట లేదు. వాన రాకపోవడం ప్రకృతి చేసింది, అంతమంది చావడం మాత్రం పాలన చేసింది. శిస్తు వసూలుకు ఉన్న యంత్రాంగం తిండి పెట్టడానికి లేకపోయింది.

గోదావరి మీద ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక, కృష్ణ వంతు వచ్చింది. అదే ఏడాది కెప్టెన్ చార్లెస్ ఆర్ పర్యవేక్షణలో విజయవాడలో పని మొదలై 1855లో ముగిసింది. 3,700 అడుగులకు పైగా పొడవున, ఇసుక అడుగు మీదే, పక్క కొండల రాయి పేర్చి కట్టిన అడ్డుకట్ట అది. నీటిని నిలవ చేయడం దాని ఉద్దేశం కాదు. మట్టాన్ని కాలువ తూముల ఎత్తుకు లేపడమే దాని పని. ఎడమన తూర్పు డెల్టాకు, కుడిన సీతానగరం వైపు నుంచి పడమటి డెల్టాకు నీళ్లు బయల్దేరాయి. పడమటి ప్రధాన కాలువ దుగ్గిరాల దగ్గర చీలి, ఒక పాయ నిజాంపట్నం వైపు, ఒక పాయ కొమ్మమూరు కాలువగా పెదగంజాం వైపు, మరికొన్ని నది గట్టు వెంట సాగాయి. కాలువలన్నీ మెరకల మీద, మురుగు కాలువలన్నీ రెండు మెరకల మధ్య పల్లాల్లో. నది వేసిన పటం మీదే ఇంజనీర్లు గీతలు గీశారు. ఈ నిర్మాణం నూరేళ్లు నిలవడానికి అదే కారణమని నేననుకుంటాను. 1952లో ఆనకట్టకు గండి పడితే, 1954లో ప్రకాశం బ్యారేజి పని మొదలుపెట్టి 1957లో ముగించారు. ఇవాళ దాని కింద రెండు డెల్టాల్లో 13 లక్షల ఎకరాలు, అందులో పడమటి డెల్టావి అయిదున్నర లక్షలకు పైగా.

కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువను కలుస్తుంది. లాకులు దాటుకుంటూ ధాన్యం పడవలు విజయవాడ నుంచి మద్రాసు దాకా పోయేవి. తర్వాత రైలొచ్చింది. విజయవాడ–మద్రాసు దారి తెనాలి, బాపట్లల మీదుగా పడింది. 1916లో రేపల్లె లైను తెరిచారు. మూడు కాలువలు ఊరి మధ్యలోంచి పారే తెనాలిని జనం ఆంధ్రా ప్యారిస్ అన్నారు. 1909లో అది మునిసిపాలిటీ అయింది. వరి మిగులు ఉన్నచోట నాటకం ఉంటుంది, అచ్చుయంత్రం ఉంటుంది, వాదోపవాదం ఉంటుంది. త్రిపురనేని రామస్వామి చౌదరి సూతాశ్రమం కట్టుకుని స్థిరపడింది ఈ ఊళ్లోనే. కొడవటిగంటి కుటుంబరావు, చక్రపాణి ఇక్కడి నుంచే లేచారు. కిలోమీటరుకు ముప్పై సెంటీమీటర్ల వాలు ఇచ్చిన తీరికలోంచి ఆధునిక తెలుగు వచనంలో ఎంత భాగం పుట్టిందో ఎవరైనా ఓపిగ్గా రాయాలి.

అయితే ఆ తీరిక అందరికీ దక్కలేదు. వాలు ఉన్నచోట పైవాడు, కిందివాడు తప్పరు. కాలువ తలలో ఉన్న పొలానికి నీరు ముందు అందుతుంది, శివారుకు చివర అందుతుంది, కొరత ఏళ్లలో అందనే అందదు. దుగ్గిరాల రైతుకూ నిజాంపట్నం శివారు రైతుకూ నీటి తీరువా ఒకటే, నీటి భరోసా ఒకటి కాదు. వంతుల వారీ పద్ధతి, లాకుల దగ్గర కాపలా, తూము పక్కన రాత్రి జాగారం, ఇవన్నీ ఆ తేడాను సర్దడానికి మనుషులు చేసుకున్న ఏర్పాట్లు. ఒక్కోసారి న్యాయంగా, చాలాసార్లు బలమున్నవాడి వైపు.

ఊళ్లోపల కూడా అదే వాలు. మెరక మీద పెద్ద కులాల ఇళ్లు, పల్లాన మాల మాదిగ పల్లెలు. మురుగు ఎటు పారుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. 1985 జూలైలో కారంచేడులో ఆరుగురు దళితులను చంపిన ఘటనకు తక్షణ కారణం, తమ తాగునీటి చెరువును మురికి చేయవద్దని దళితులు అడగడమే. ఆ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలోనిదే. దళిత మహాసభ అక్కడి నెత్తుటిలోంచే పుట్టింది. డెల్టా చరిత్రను క్యూసెక్కుల్లో, బస్తాల్లో మాత్రమే రాస్తే అబద్ధం రాసినట్టే. నీరు కిందికి పారడం ప్రకృతి నియమం, మురికి నీరు ఎవరి చెరువులోకి పారాలన్నది ఊరు పెట్టిన నియమం.

నీళ్లు తెచ్చిన వాళ్లు తొలినాళ్లలో ఒక సంగతికి తగినంత విలువ ఇవ్వలేదు. లోపలికి తెచ్చిన ప్రతి చుక్కా ఆవిరి కావాలి, లేదా బయటికి పోవాలి. కాలువకు వాలు వెతకడం తేలిక, ఎందుకంటే అది మెరక మీది నుంచి బయల్దేరుతుంది. మురుగు కాలువ పల్లంలో పుట్టి, సముద్రపు పోటుకు ఎదురెళ్లాలి. నల్లమడ, తుంగభద్ర డ్రెయిను, పేరలి, రొంపేరు, ఇవన్నీ చివరకు చేరేది ఇసుక పూడుకుపోయే మొగల దగ్గరికి. పోటు వేళ, అందులోనూ తుపాను రోజున, సముద్రం మట్టం పెరిగితే మురుగు వెనక్కి తన్నుతుంది, పైరు రోజుల తరబడి నీళ్లలో నానుతుంది. మొగను లోతుగా తవ్వితే మరో చిక్కు, పోటు నీరు ఆ దారినే లోపలికి ఎక్కి పొలాలను ఉప్పు చేస్తుంది. 1960లలో డెల్టాల మురుగు సమస్యను మిత్రా కమిటీ పరిశీలించింది. 1968లో రైతుల దగ్గర డ్రెయినేజి సెస్సు వసూలుకు చట్టం వచ్చింది. ఆనకట్ట కట్టిన నూటపదమూడేళ్లకు ఆ పని రెండో సగానికి డబ్బు అడిగారన్నమాట.

ఉప్పు మీద తేలే తీపి

బాపట్ల, కర్లపాలెం, చీరాల ఇసుక నేలల్లో కాలువ ఎక్కని చోట్లున్నాయి. అక్కడి రైతులు తరాలుగా బతికింది దొరువుల మీద. దొరువంటే ఇసుకలో తవ్విన వెడల్పాటి గుంట, నిలువెత్తుకు అటూ ఇటూ లోతు. అందులో ఊరిన తీపి నీటిని కుండలతో ముంచి నారుమళ్లకు, కూరగాయలకు, పూలమొక్కలకు పోసేవాళ్లు. సముద్రానికి అంత దగ్గరలో తీపి నీరు ఎక్కడిది?

ఇసుకలోకి ఇంకిన వాన నీరు కిందనున్న ఉప్పునీటిలో వెంటనే కలిసిపోదు. సముద్రపు నీరు మంచినీటి కన్నా వందకు రెండున్నర పాళ్లు బరువు. అందుకని తీపి నీరు ఉప్పునీటి మీద పాల మీద మీగడలా నిలుస్తుంది. ఎంత మందాన నిలుస్తుందో డచ్చి సైనిక ఇంజనీరు బాడన్ గైబెన్ 1888 ప్రాంతంలో, జర్మన్ ఇంజనీరు హెర్జ్‌బర్గ్ 1901లో ఎవరికి వారే లెక్కగట్టారు. సముద్ర మట్టం పైన తీపి నీరు ఒక మీటరు ఎత్తుంటే, కింద అది సుమారు 40 మీటర్ల లోతు దాకా ఉండగలదు. ఇదే లెక్కను తిప్పి చదివితే భయం వేస్తుంది. పైన ఒక మీటరు నీరు తోడి కోల్పోతే, కింద ఉప్పు 40 మీటర్లు పైకి జరగగలదు.

ఈ సూత్రం పేరు తెలియని రైతు దొరువును లోతుగా తవ్వలేదు, వెడల్పుగా తవ్వాడు. లోతుకు పోతే ఉప్పు తగులుతుందని తాతల నాటి అనుభవం. లోతు బోరు వేసి గట్టి మోటారు పెట్టినవాడికి మొదటి వేసవిలో తీపి, తర్వాత చవుడు. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో మొదలైంది. సాంబ మసూరి, అదే బీపీటీ 5204, ఇక్కడి నుంచి 1986లో విడుదలై దేశమంతా తిరిగింది కాబట్టి బాపట్ల పేరు చెప్పగానే అందరికీ ఆ బియ్యమే గుర్తొస్తుంది. నాకు మాత్రం అంతకన్నా గొప్పగా తోచేది ఇక్కడి ఉప్పునీటి పరిశోధన కేంద్రం దొరువు మీద చేసిన పని. గుంట బదులు, తక్కువ లోతులోనే చిల్లుల గొట్టాలను అడ్డంగా పరిచి, వాటిలోకి ఊరిన నీటిని ఒక బావిలోకి చేర్చి, చిన్న మోటారుతో నెమ్మదిగా తోడతారు. పై పొర తీపి మాత్రమే వస్తుంది, ఉప్పు కదలదు. దొరువు తినేసే నేల కూడా సాగుకు మిగులుతుంది. రైతు జ్ఞానాన్ని పారేయకుండా దానికి లెక్క జోడించిన శాస్త్రం అది. ఇలాంటి పనికి రావలసినంత పేరు రాలేదన్నది నా బాధ.

ఇదే తీరంలో 1990ల్లో ఇంకో దారి తొక్కారు. నిజాంపట్నం, రేపల్లె చుట్టుపక్కల ఉప్పునీటి రొయ్యల చెరువులు విచ్చలవిడిగా లేచాయి. చెరువులో నిలబెట్టిన ఉప్పునీరు పక్క పొలంలోకి, పక్క బావిలోకి ఊరడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. దేశమంతటా ఇలాంటి ఫిర్యాదులు చేరి 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ మండలంలో అటువంటి చెరువులు కూడదని తీర్పిచ్చింది. 2005లో వచ్చిన తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం ఆ తీర్పు పట్టును చాలావరకు సడలించింది. రొయ్యలు పెంచినవాడు డాలర్లు చూశాడు, బావి ఉప్పెక్కినవాడు బిందె పట్టుకుని దూరం నడిచాడు.

వరి చేను నిండా నీరు నిలబెట్టడం వెనక కూడా ఈ ఉప్పు లెక్కే ఉంది. నిలిచిన తీపి నీరు అడుగునున్న ఉప్పును కిందికి అణచిపెడుతుంది. చేను ఎండితే మట్టి సందుల్లోంచి ఉప్పునీరు పైకి పాకి, ఆవిరై, తెల్లటి పొర వదులుతుంది. శివారు భూములకు ఒక్క ఏడు కాలువ రాకపోతే ఆ పంట ఒక్కటే పోదు, మరుసటి ఏడు విత్తనం మొలిచే నేల కూడా దెబ్బతింటుంది. 2001 నుంచి 2004 దాకా ఎగువన వానలు తగ్గి, జలాశయాలు నిండక, కృష్ణ సముద్రానికి దాదాపు చేరనే లేదు. ఆ ఏళ్ల గురించి శివారు రైతులు ఇప్పటికీ చవుడు భాషలోనే మాట్లాడతారు.

గాలి ఎటు తిరిగితే

1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19న తుపాను నిజాంపట్నం దగ్గర తీరం దాటింది. ఆ ఉప్పెన పేరు మాత్రం దివిసీమ ఉప్పెన. ఎందుకని? ఉత్తరార్ధగోళంలో తుపాను గాలి గడియారపు ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతుంది, భూమి తిరుగుడు దానికి కారణం. అందుచేత తుపాను దాటే చోటుకు కుడివైపు గాలి సముద్రం నుంచి నేల మీదికి, ఎడమవైపు నేల నుంచి సముద్రం మీదికి వీస్తుంది. కుడివైపున దివిసీమ ఉంది. అయిదు మీటర్ల ఎత్తున నీటి గోడ అటు లేచింది. ఎడమవైపున్న బాపట్లను ఉప్పెన మింగలేదు గానీ గాలి వదల్లేదు. ప్రాణాలు కాపాడుకోవడానికి జనం తలదాచుకున్న చర్చి కూలి అక్కడా మృతులు పడ్డారు. అధికారిక లెక్కలోనే మొత్తం మృతులు పదివేల దాకా, అసలు సంఖ్య అంతకు చాలా రెట్లని అక్కడివాళ్ల మాట.

1990 మే 9న దాదాపు అదే తీరాన, కృష్ణ మొగ దగ్గర, మరో భీకర తుపాను దాటింది. ఈసారి రాడార్లున్నాయి, తుపాను షెల్టర్లున్నాయి, లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు. మృతులు వెయ్యి లోపు. అదే సముద్రం, అదే గాలి. పదమూడేళ్లలో మారింది ఏర్పాటు. మన ప్రభుత్వాలు చేసిన మంచి పనుల జాబితా రాస్తే దీన్ని మొదటి వరసలో పెడతాను.

పంటకు మాత్రం షెల్టరు లేదు. సాంబ మసూరి అయిదు నెలల పంట. జూన్ నెలాఖరుకు కాలువలు వదిలితే నవంబరులో కోత. ఎగువ జలాశయాలు నిండడం ఆలస్యమై ఆగస్టులో నాట్లు పడితే కోత డిసెంబరుకు జరుగుతుంది, సరిగ్గా తుపాన్ల నోట్లోకి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు తెనాలి, రేపల్లె, బాపట్ల పొలాల్లో కోతకొచ్చిన వరి నీళ్లలో పడుకుంది, కుప్పలు తడిసి మొలకెత్తాయి. నీటి పంపకాల గొడవ వందల మైళ్ల ఎగువన జరుగుతుంది, దాని తేదీ ఇక్కడి కోతను నిర్ణయిస్తుంది.

ఆగిపోయిన మట్టి

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీరు వదిలారు. తర్వాత శ్రీశైలం, ఆలమట్టి, ఇంకా ఎన్నో. ఆ జలాశయాలు ఎన్ని లక్షల ఇళ్లలో అన్నం పెట్టాయో తెలిసినవాణ్ణి కాబట్టి వాటిని తిట్టను. కానీ నిలిచిన నీటిలో మట్టి దిగుతుందని స్టోక్స్ చెప్పిన నియమం జలాశయంలోనూ పనిచేస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ భూశాస్త్రజ్ఞులు కె. నాగేశ్వరరావు, ఆయన సహచరులు 2010లో ప్రచురించిన లెక్క చూడండి. 1966–69 మధ్య కృష్ణ ఏటా 90 లక్షల టన్నుల ఒండ్రు కిందికి తెచ్చేది. 2000–2005 నాటికి అది 4 లక్షల టన్నులకు పడిపోయింది. వానలు తగ్గడం కన్నా ఆనకట్టలే దీనికి కారణమని వాళ్లు తేల్చారు. 1965 నుంచి 2008 దాకా కృష్ణా, గోదావరి డెల్టాల 336 కిలోమీటర్ల తీరంలో నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రం పాలైంది.

ఆరు వేల ఏళ్లుగా తీరాన్ని ముందుకు నెట్టిన మట్టి ఆగిపోతే, అలలు తమ పని తాము ఆపవు. డెల్టా మట్టి తన బరువుకు తానే అణిగి కుంగుతుంది, ఏటా పడే కొత్త పొర ఆ కుంగుడును సరిచేస్తూ వచ్చింది. ఇప్పుడు సరిచేసేది లేదు, పైగా సముద్ర మట్టం పెరుగుతోంది. నిజాంపట్నం, లంకెవానిదిబ్బ వైపు మడ అడవులు ఉన్నంత మట్టిని వేళ్లతో పట్టుకుని నిలబెడుతున్నాయి.

ఒండ్రు ఆగినంత మాత్రాన వరద ఆగలేదు. విజయవాడ దగ్గర 1903లో 10.60 లక్షల క్యూసెక్కులు నమోదైంది. 2009 అక్టోబరులో 11.10 లక్షలు. ఆ వరదలో ఓలేరు దగ్గర కరకట్టకు గండి పడి రేపల్లె ప్రాంతం మునిగింది. 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షలు, బ్యారేజి చరిత్రలోనే అత్యధికం. కరకట్ట బయట ఉన్న తెనాలి, రేపల్లె ఊపిరి బిగబట్టి గట్టెక్కాయి. కట్టకూ నదికీ మధ్యనున్న కొల్లూరు, భట్టిప్రోలు మండలాల లంక గ్రామాలు మునిగాయి. కట్ట అంటేనే ఎవరిని లోపల వదలాలి, ఎవరిని బయట కాపాడాలి అన్న నిర్ణయం.

లంకల్లో అరటి, పసుపు, కంద వేసేవాళ్లలో చాలామంది కౌలుదారులు. ఎకరాకు పెట్టుబడి లక్ష దాటే పంటలవి. వరద తీశాక నష్టం రాసుకోవడానికి వచ్చిన సిబ్బంది ముందు అడిగేది పట్టాదారు పాసుపుస్తకం. కౌలుదారుకు గుర్తింపు ఇవ్వడానికి 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. పదకొండు నెలల ఒప్పందం మీద సాగుదారు కార్డు ఇస్తారు. భూయజమాని సంతకం లేకుండా ఆ కార్డు రాదు. సంతకం పెడితే భూమి మీద హక్కు అడుగుతాడేమోనని యజమాని పెట్టడు. పంట వేసినవాడిది నష్టం, పుస్తకంలో పేరున్నవాడిది పరిహారం. ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో, ఒక్క గేటు కూడా కొత్తగా కట్టకుండా, మార్చగలిగిన సంగతి ఇది.

(వచ్చే భాగంలో: లంకెవానిదిబ్బ మడ అడవులు, వాటి నీడలో బతికే చేపల వేట కుటుంబాలు)